నిమ్మగడ్డి మూట

పోయింది గడ్డి. దాంతోపాటు కొన్ని దుంపలు, పిడికెడు ఆకులు. స్టేషన్‌కు ఫోన్ చేస్తే అవతలి మనిషి పడీ పడీ నవ్వి పెట్టేశాడట. గడ్డి పోయిందని కేసు పెట్టేవాళ్ళను ఆయన ఉద్యోగంలో చేరాక చూడలేదట. అందుకని నాకు ఫోన్ చేశారు.

నేను కోమలను. ఇరవై రెండేళ్ళు నల్గొండ డిపో బస్సుల్లో కండక్టర్‌గా చేశాను. ఆరేళ్ళుగా డిటెక్టివ్‌ని. పెద్ద తేడా ఏమీ లేదు. అప్పుడూ టికెట్ లేనివాణ్ణి మొహం చూసి పట్టుకునేదాన్ని, ఇప్పుడూ అంతే. కాకపోతే చిల్లర గొడవ లేదు.

శనివారం పొద్దున పది గంటల ఐదు నిమిషాలకు నందికొండలో మత్స్యకారుల సంఘం క్యాంటీన్ మెట్లెక్కాను. నాకు ఫోన్ చేసిన వంటవాడు యోహాను వంటింటి ముందు తల పట్టుకుని కూర్చున్నాడు. అతని భార్య బిక్షమ్మ రెండు కిలోల రవ్వచేపకు కాపలాగా చీపురు పట్టుకుని నిలబడింది. పొద్దుటి దెబ్బతో ఆమెకు పిల్లుల మీద కూడా నమ్మకం పోయినట్టుంది.

"ఏం పోయింది, ఎప్పుడు పోయింది, వరుసగ చెప్పు తమ్మీ. ఏడ్సుడు తర్వాత" అన్నాను.

"నిమ్మగడ్డి అక్కా. పచ్చి దుంపరాష్ట్రం, అల్లం లెక్కుంటది. మలేషియా నిమ్మాకు. పొద్దుగాల ఐదున్నరకు మూట గట్టి గీ గడప మీద పెట్టిన. లోపల ఉడుకకు ఆకు వాడిపోతదని. చేప తెస్తందుకు రేవుల జాలరోళ్ళ పుట్టి కాడికి పోయిన. ఆరూ యాభైకి వచ్చి చూస్తే మూట లేదు."

"బిక్షమ్మ యాడున్నది?"

"ఇంటికాడ అరిటాకులు కడుగుతున్న" అంది బిక్షమ్మ.

"మల్ల కొనుక్కోరాదు?"

యోహాను నన్ను జాలిగా చూశాడు. "నిమ్మగడ్డి దొరుకుతది. దుంపరాష్ట్రం దగ్గు మందుకని ఎండుది అమ్ముతరు. గా ఆకు మాత్రం గీ జిల్లాల లేదు. పట్నం పోయి తెచ్చేసరికి సాయంత్రమైతది. ఒంటిగంటకు వడ్డించాలె."

సంగతి ఇదీ. క్యాంటీన్‌ను మూడేళ్ళకు ఎవరికివ్వాలో సంఘం ఐదుగురు సభ్యులు ఈరోజు తేల్చాలి. ఇప్పుడు నడుపుతున్నది సంఘం ప్రెసిడెంట్ ఐలేశం అల్లుడు శివకుమార్. అతని చేపల వేపుడులో చేప తక్కువ, నూనె ఎక్కువ. ఆ నూనె వయసు ఎవరూ చెప్పలేరు. సభ్యులు విసిగిపోయి పోటీ పెట్టమన్నారు. పన్నెండున్నరకు శివకుమార్ వేపుడు, ఒంటిగంటకు యోహాను ఆవిరి చేప. యోహాను తొమ్మిదేళ్ళు మలేషియా హోటళ్ళలో ఆ వంటే చేసి వచ్చాడు.

బిక్షమ్మ కొంగుముడి విప్పి యోహాను పాస్‌పోర్టు తీసి నా మొహం ముందు పెట్టింది.

"సోమవారానికల్ల మాట చెప్పాలెనని ఏజెంటు పోన్ల మీద పోన్లు జేస్తాండు. తొమ్మిదేండ్ల పెండ్లిల పద్నాలుగు నెలలు కాపురం జేసిన అక్కా. క్యాంటీను రాకపోతే ఈయన మల్ల పోతడు. నాకు బంగారమద్దు, బంగ్లా అద్దు. మనిషి కావాలె నాకు."

ఆమె వైపు చూడకుండా వాచీ చూశాను. పది పన్నెండు.

"మనిషి కావాలంటే ముందు గడ్డి దొరకాలె" అన్నాను.

వెనక నుంచి చప్పట్లు వినిపించాయి. నిదానంగా, ఒక్కొక్కటే. ఇలా చప్పట్లు కొట్టే మనిషి మా రెండు జిల్లాల్లో ఒక్కడే ఉన్నాడు. జడ్చర్ల విజేందర్. నల్ల కళ్ళద్దాలు, నల్ల చొక్కా, దువ్విన మీసాలు, మెడలో గుర్తింపు కార్డు. ఆ కార్డు అతనే అచ్చు వేయించుకున్నాడు.

"కండక్టరమ్మా! గడ్డి కేసా? రేపు ఎవరన్న బర్రె కేసు పట్టుకొస్తే గడ్డితోటి పాటు అదిగూడ చూసుకో."

"నువ్వేం చేస్తున్నవ్ ఈడ?"

"పోటీ సక్కగ జరిగేటట్టు చూసుడు నా డ్యూటీ. ప్రెసిడెంట్ సాబే పిలిపించిండు. పొద్దుగాల ఆరుకే వచ్చిన. నా రిపోర్టు గూడ రెడీ." ఫోన్ తీసి చదివాడు. "వంట రాదు. పరువు పోతదని మూట ఆయనే దాచిండు. కేసు ఖతం."

యోహాను లేచాడు. బిక్షమ్మ చీపురు తిరగేసింది. నేను ఇద్దరి మధ్యకు వెళ్ళాను.

"విజేందరూ, కల్వకుర్తి బస్సుల సీటు కింద దాక్కున్ననాడు గూడ నువ్వు గిట్లనే మాట్లాడినవ్. చెకింగు కోసం వచ్చిన అన్నవ్. యాదికున్నదా?"

అతను కళ్ళద్దాలు సర్దుకుని వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ గోడకు తగిలాడు. లోపల ఆ అద్దాలతో ఏమీ కనిపించదు, తీయడానికి గీర అడ్డం.

గడప దగ్గర కూర్చుని చూశాను. సిమెంటు మీద జానెడు వెడల్పు పసుపు మరక, గుండ్రంగా. ఈడ్చిన గీత లేదు. అంటే మూటను నిటారుగా పైకెత్తారు. కుక్క పనీ కాదు, పిల్లి పనీ కాదు. లోపల బల్ల మీద కొత్త గిన్నెలు, గ్యాసు బండ, యోహాను ఫోన్ చార్జర్ అన్నీ అట్లాగే ఉన్నాయి. దొంగకు అవేవీ అక్కరలేదు.

"గీ పసుపేంది?"

"చీమలు రాకుంట మూటగుడ్డను పసుపు నీళ్ళల్ల ముంచిన" అంది బిక్షమ్మ. "ఎర్రదారం తోటి గట్టిగ కట్టిన. నిమ్మకాయలు, మిరపకాయలు లోపల పట్టకపోతే పైన దారంలనే చెక్కిన."

పసుపు గుడ్డ. ఎర్రదారం. నిమ్మకాయలు, మిరపకాయలు. లోపల వేళ్ళలాంటి దుంపలు. తెల్లవారకముందు, గడప మీద.

"బిక్షమ్మా, గసుంటి మూట నీ గడప మీద కనబడితే ఏం చేస్తవ్?"

"ప్రార్థన జేసుకుంట."

"ప్రార్థన రానోళ్ళు?"

ఆమెకు వెలిగింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఓ దేవా... చేతబడి అనుకున్నరా!"

సంఘం వాచ్‌మన్ మల్లన్న గేటు దగ్గర స్టూలు మీద ఉన్నాడు. అరవై ఏళ్ళ మనిషి. లుంగీ, బనియను. అతని యూనిఫాం దండెం మీద నీళ్ళు కారుస్తూ వేలాడుతోంది. చొక్కా, ప్యాంటు ఉతకడం సరే. టోపీ, బెల్టు కూడా తడిసి ఉన్నాయి. మనిషి యూనిఫాంతోనే తలారా నీళ్ళు పోసుకున్నాడన్నమాట.

"మల్లన్నా, డ్యూటీ ఎన్ని గంటల నుంచి?"

"రాత్రి పది నుంచి."

"పొద్దుగాల ఎవరెవరు వచ్చిండ్రు?"

"ఐదుంబావుకు యోహాను. ఆరుకు నల్లద్దాల సారు. ఆరున్నరకు నేనొక చుట్టు తిరిగొచ్చిన."

"తిరిగినప్పుడు వంటింటి గడప మీద మూట చూసినవా?"

మల్లన్న నోరు మూసుకున్నాడు. మామూలుగా కాదు, పెదవులు లోపలికి మడిచి.

"తానం ఎప్పుడు చేసినవ్?"

"ఏడింటికి."

"ఎందుకు?"

పెదవులు మళ్ళీ లోపలికి.

నేను అతని రెండు చేతులూ తిప్పి చూశాను. కుడిచెయ్యి మామూలుగా ఉంది. ఎడమ అరచెయ్యి గీతల్లో పసుపు. అసలే గట్టి పసుపు, ఒక్క స్నానానికి పోదు.

దిష్టివీ, చేతబడివీ తీసేవాళ్ళ పద్ధతి మా అవ్వ దగ్గర చూశాను. ఎడమచేత్తో ఎత్తాలి. తీసుకుపోయి పడేయాలి. వెనక్కి చూడకుండా వచ్చి, బట్టలతోనే తలకు పోసుకోవాలి. దీపాలు పెట్టేదాకా ఆ మాట ఎవరికీ చెప్పకూడదు, చెబితే అది చెప్పినవాడికే తగులుకుంటుంది. మల్లన్న దొంగ కాదు. పాపం, సంఘాన్ని కాపాడాననుకుంటున్నాడు. అయితే దీపాలు పెట్టేదాకా ఆగితే బిక్షమ్మ సంసారం విమానం ఎక్కుతుంది.

"మల్లన్నా, నువ్వు నోరు తెరువకు. నేను బస్సు స్టేజీలు చదువుత. దిగే స్టేజీ వస్తే దగ్గు. దగ్గుతే చెప్పినట్టు కాదు."

అతను ఆలోచించాడు. దగ్గు మీద నిషేధం ఉన్నట్టు అతనికీ గుర్తు రాలేదు. తల ఊపాడు.

"డ్యాం కట్ట?"

నిశ్శబ్దం.

"కాలువ? లాంచీల రేవు? మార్కెటు?"

నిశ్శబ్దం.

"క్వార్టర్ల వెనక మూడు బాటలు?"

మల్లన్నకు క్షయ వచ్చినంత దగ్గు వచ్చింది.

పదకొండు నలభైకి మూడు బాటల దగ్గరికి చేరాం. మూట అక్కడే ఉంది. దాని పక్కన ఒక మేక ఉంది. నిమ్మగడ్డి సగం మేకలో ఉంది. ఇరవై రెండేళ్ళు పండగ రద్దీలో జనాన్ని నెట్టుకుంటూ టికెట్లు కొట్టినదాన్ని, మేకకు లొంగుతానా! లొంగినంత పని అయింది. కొంగు చిరిగింది. మూట మాత్రం దక్కింది. నిమ్మాకులు, దుంపలు లోపల భద్రంగా ఉన్నాయి. మేక వాటి జోలికి పోలేదు.

పన్నెండుకు ఐదు నిమిషాలు ఉందనగా యోహాను వంట మొదలుపెట్టాడు. అప్పటిదాకా తల పట్టుకుని కూర్చున్న మనిషి ఇతనేనా అనిపించింది. మూట విప్పుతూనే పిడికెడు దుంపలు కడిగి తరిగి రోట్లో వేసి, వెల్లుల్లి, పచ్చిమిరపకాయలు, నిమ్మగడ్డి తెల్లటి మొదళ్ళు కలిపి దంచాడు. చేపకు రెండు వైపులా గాట్లు పెట్టి ఆ ముద్ద కూరాడు. ఒక్కో నిమ్మాకు రెండు ఆకులు అంటుకట్టినట్టుగా ఉంది. నడిమి ఈనె తీసి చుట్టచుట్టి దారాల్లా తరిగాడు. అంతా అరిటాకులో పొట్లం కట్టి, క్యాంటీన్ పెద్ద ఇడ్లీ పాత్రలో పెట్టి మూత వేశాడు. పన్నెండూ పది.

"నూనె?" అన్నాను.

"అద్దు."

"చింతపులుసు?"

"అద్దు అక్కా."

"మరి గిది చేప కూరెట్లయితది? జ్వరమొచ్చినోళ్ళ పథ్యం లెక్కుంది."

"ఇరవై రెండు నిమిషాలు ఆగు. నిమ్మకాయ గూడ దించినంక పిండాలె. ముందే పిండితే చేదైతది."

పది నిమిషాలకు ఆవిరి మూత సందుల్లోంచి బయటికి వచ్చింది. వచ్చిందంటే వచ్చింది! నిమ్మ, మిరియం, వానకు తడిసిన తోట, అన్నీ కలిపిన వాసన. గేటు దగ్గర మల్లన్న స్టూలు మీంచి లేచాడు. పథ్యం అన్నందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

పాత్ర దించాక యోహాను బల్ల శుభ్రం చేస్తూ నన్ను పిలిచాడు. అతని అరచేతిలో వేలెడేసి దుంప ముక్కలు రెండు.

"ఇవి నావి కావు అక్కా. దంచినంక మిగిలినయి తరిగేటప్పుడు చేతికొచ్చినయ్. చూస్తందుకు అట్లనే ఉన్నయ్ గని వాసన లేదు. పక్కకు పెట్టిన."

ముక్కల్ని జేబు రుమాలులో చుట్టి మల్లన్నకు చూపించాను. "మూట సంగతి అడుగుత లేను. గీ దుంప సంగతి చెప్పు" అన్నాను.

దుంప మీద నిషేధం లేదు కాబట్టి అతను నోరు తెరిచాడు. తెరిచి, రెండడుగులు వెనక్కి వేశాడు.

"అడవినాభి! పారెయ్ బిడ్డా! విషం. మేకలు గూడ ముట్టయి."

అంటే మల్లన్న ఎత్తుకుపోకముందే ఆ మూటలో ఎవరో చెయ్యి పెట్టారు. ఐదున్నరకూ ఆరున్నరకూ మధ్య. ఆ తర్వాత అది ఎక్కడుందో మల్లన్నకు తప్ప ఎవరికీ తెలియదు.

పన్నెండు నలభై ఆరుకు వంటింట్లోకి తిరిగి వచ్చేసరికి యోహాను, బిక్షమ్మ ముందు గదిలో పళ్ళేలు సర్దుతున్నారు, అరిటాకు పొట్లం ఒక మూల విప్పి ఉంది. చేప తోక లేదు. బయట వరండాలో విజేందర్ రుమాలుతో మూతి తుడుచుకుంటున్నాడు. రుమాలు మూతిని తుడిచింది గానీ మీసాలను వదిలేసింది. రెండు గజాల దూరానికి నిమ్మాకు వాసన వస్తోంది.

నేనేమీ అనలేదు. టికెట్ లేనివాణ్ణి బస్సు కదిలాక పట్టుకోవాలి.

ఒంటిగంటకు ఐదుగురు సభ్యులూ బల్ల చుట్టూ కూర్చున్నారు. శివకుమార్ వేపుడు పళ్ళేలు అప్పటికే పక్కకు నెట్టి ఉన్నాయి. సంఘం సెక్రటరీ శ్రీదేవి మినిట్స్ పుస్తకం తెరిచి పెన్ను పట్టుకుంది. యోహాను పొట్లం విప్పి నిమ్మకాయ పిండాడు. అందరూ ముందుకు వంగారు. ప్రెసిడెంట్ ఐలేశం ఒక్కడే కుర్చీని వెనక్కి జరుపుకున్నాడు.

"మీరు కానియ్యుండ్రి. నేను శనివారం నీసు ముట్ట" అన్నాడు.

ఈ శనివారం తేదీ పెట్టింది ఆయనే. నోటీసు మీద సంతకం గోడకే అంటించి ఉంది. అప్పుడే నాకు తట్టాల్సింది. తట్టలేదు. నా కళ్ళు విజేందర్ మీసాల మీదే ఉన్నాయి.

"ఎవ్వరు ముట్టకుండ్రి" అని రుమాలు విప్పి రెండు ముక్కలూ బల్ల మీద పెట్టాను. "మూటల ఎవరో గీ దుంపలు కలిపిండ్రు. గిది అడవినాభి. మల్లన్నా, మనిషి తింటే ఏమైతది?"

"జల్ది దవాఖానకు పోకపోతే బతుకుడు కష్టం" అన్నాడు నా వెంట వచ్చి గుమ్మంలో నిలబడ్డ మల్లన్న.

యోహాను ఏదో చెప్పబోతే అతని కాలు తొక్కాను.

"ఇప్పటిదాక గీ చేప ఎవరు తినలే కాబట్టి ఫికర్ లేదు" అన్నాను. "తినలే గదా?"

విజేందర్ కళ్ళద్దాలు తీశాడు. నాకు తెలిసి పదేళ్ళలో మొదటిసారి అతని కళ్ళు చూశాను. పాపం, చిన్న కళ్ళు.

"నేను తిన్న."

"ఎంత?"

"తోక... మొత్తం."

"ఎందుకు?"

"చేదైందో లేదో చూద్దామని. చేదు లేదు. ఇంకో ముక్క తిన్న. ఇగ ఆగలేకపోయిన."

"చేదెందుకైతదనుకున్నవ్?"

అతను గోడకు ఆనుకుని జారి కింద కూర్చున్నాడు. "నేనే పెట్టిన కండక్టరమ్మా! ఆరుంబావుకు మూటల గుచ్చిన. కూర చేదైతది, అంతే అని చెప్పి ఇచ్చిండు. విషమని నాకు తెల్వది. నా పిల్లల మీద ఒట్టు! దవాఖానకు తీస్కపోండ్రి!"

"ఎవరిచ్చిండ్రు?"

నోరు మూసుకున్నాడు. మల్లన్నకంటే గట్టిగా.

"సరే, గది తర్వాత. చేప ఎట్లుండె?"

"నేను సస్తుంటే రుచి అడుగుతవా?"

"చెప్పు, అప్పుడే ఆటో."

"నా జిందగీల గసుంటి చేప తినలే!" అని భోరుమన్నాడు.

"శ్రీదేవమ్మా, రాసుకున్నవా?"

"రాసుకున్న" అంది శ్రీదేవి, తల ఎత్తకుండా.

నేను నవ్వాను. ఆ క్షణం నన్ను మించిన డిటెక్టివ్ రెండు జిల్లాల్లో లేదనుకున్నాను. దాచేదేముంది, అలాగే అనుకున్నాను.

"లెవ్వు విజేందరూ. నీకేం గాదు. గీ ముక్కలు యోహాను ముందుగాలనే ఏరి పక్కకు పెట్టిండు. చేప సుద్దంగ ఉన్నది. కావాలంటే చూడుండ్రి."

పెద్ద ముక్క తుంచి నోట్లో వేసుకున్నాను. రెండోది. మూడోది. వెన్నలా విడిపోయింది. పులుపు నాలుక చివర, ఘాటు గొంతులో, మధ్యలో చేప చేపలాగే ఉంది. అంతకాలం పులుసులో ముంచి చేప రుచిని చూడనివ్వలేదని కోపం వచ్చింది. బిక్షమ్మ ఏడుస్తూ నవ్వుతోంది. శ్రీదేవి పెన్ను పక్కన పెట్టి చెయ్యి చాపింది. మిగతా ముగ్గురి చేతులూ ఆమె వెనకే లేచాయి.

ఐలేశం కుర్చీ వెల్లకిలా పడింది.

"ముట్టకుండ్రి! మీ కాళ్ళు మొక్కుత, ఎవ్వరు ముట్టకుండ్రి!"

ఆయన వేలు నా రుమాలు వైపు చూపిస్తోంది.

"కడుపుల తిప్పుతదంతే అని చెప్పిండు నాకు ఇచ్చినోడు. విషమని నాకు గూడ తెల్వది. గని గీడ రెండే ఉన్నయేంది? నేనిచ్చినయి మూడు!"

నేను విజేందర్ వైపు చూశాను. "మూడూ గుచ్చిన" అన్నాడు నీరసంగా.

నోట్లో మూడో ముక్క అట్లాగే ఉండిపోయింది. ఇరవై రెండేళ్ళు తలలు లెక్కపెట్టినదాన్ని, దుంపలు ఎన్నని ఒక్కమాట అడగలేదు. నా బుద్ధిని చెప్పు తీసుకుని కొట్టాలి.

యోహాను రోటి వైపు చూస్తున్నాడు.

"ముందుగాల దంచిన పిడికెడు వాసన చూడలే అక్కా. టైము లేకుండె."

బిక్షమ్మ నవ్వు ఆగిపోయింది. ఆమెకు నాకంటే ముందే అర్థమైంది. యోహాను చేత్తో వండిన చేప తిని మేమిద్దరం పోతే, అతను వెళ్ళేది మలేషియాకు కాదు. ఆమె పరుగెత్తుకొచ్చి నా దవడలు పట్టుకుని నోట్లో ముక్కను బయటికి లాగేసింది. మల్లన్న గేటు బార్లా తీసి ఆటో కోసం అరుస్తున్నాడు.

"కక్కు అక్కా, కక్కు!" బిక్షమ్మ నా వీపు మీద గుద్దుతోంది. "నువ్వు సస్తే నా మొగుడు జైలుకు పోతడు. నేను సావనియ్య నిన్ను!"